సన్యాసి తలమీద రాలిన సున్నం

పోయిన వారం మా అమ్మాయి నన్నూ వాళ్ళమ్మనూ ఇక్కడి పెద్ద గ్రంథాలయంలో దింపి, చల్లగా ఉంటుంది, కాసేపు కూర్చోండని చెప్పి తన పనిమీద వెళ్ళింది. ఊరికే అరల వెంట నడుస్తుంటే ఒక నీలం అట్ట పుస్తకం కంటబడింది. తీసి చూద్దును కదా, నలభై ఏళ్ళ కిందట ఇదే దోహాలో నా చేతులమీదుగా టైపయిన పుస్తకమే అది. ఆ ఉత్సాహంలో ఆ సాయంత్రం అల్ అజీజియాలోని ఇంట్లో మా అల్లుణ్ణి కూర్చోబెట్టి, బైజాంటియం చరిత్రకారుడొకణ్ణి అబద్ధీకుడన్న నిందనుంచి తప్పించినవాణ్ణి నేనేననీ, అందుకోసం గ్రీకు మూలమంతా తిరగేశాననీ, నావల్ల ఒక అధ్యాయం అధ్యాయమే మారిపోయిందనీ చెప్పాను. అల్లుడు మర్యాదస్థుడు, ఫోను పక్కన పెట్టి విన్నాడు. మీరు నా ఈడువాళ్ళు, మీ దగ్గర దాపరికం దేనికి. నాకు గ్రీకులో ఒక్క అక్షరం రాదు.

నేను ఇంగ్లీషు టైపిస్టుని. పగలు కంపెనీ డ్యూటీ, సాయంత్రం రెండు గంటలు ఒక ప్రొఫెసరు గారింట్లో టైపు పని. ఆయన బీరూట్ నుంచి వచ్చి ఇక్కడ చదువు చెప్పుకుంటున్న పెద్దాయన. మొదటిరోజు క్రానికల్స్ సంగతి ఏమైనా తెలుసా అని అడిగితే, కృష్ణా జిల్లా ఆదివారపు బడిలో బెత్తం దెబ్బలు తిని కంఠతా పట్టినవాణ్ణి గనుక, బైబిల్లోని ఆ రెండు భాగాలూ వచ్చునన్నాను. ఆయన, అవి కావు నాయనా అని ఓపిగ్గా వివరించాడు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా వెయ్యేళ్ళు నడిచిన తూర్పు రోమను రాజ్యంలో, మఠాల్లో ఉండే సన్యాసులు సృష్టి మొదలుకొని తమ నాటివరకు ఏడాది వెంట ఏడాదిగా రాసుకుపోయిన చరిత్రలట ఇవి. గ్రీకు మాట వచ్చినచోట నేను ఖాళీ వదిలిపెట్టేవాణ్ణి, ఆయన తర్వాత కలంతో పూరించుకునేవాడు. నా గ్రీకు పాండిత్యమంతా ఎన్ని అక్షరాలకు ఎంత ఖాళీ వదలాలో తెలియడమే.

ఆయన ఇరవై ఏళ్ళుగా ఒకే ఒక్క సన్యాసితో కాపురం చేస్తున్నాడు. ఆ సన్యాసి ఒకచోట పట్టణపు గోడను కూల్చిన భూకంపం గురించి రాస్తూ, నేను కళ్ళారా చూశాను, నా తలమీద సున్నం రాలింది అన్నాడు. ప్రొఫెసరు గారు ఎన్ని విధాల లెక్కవేసినా ఆ భూకంపం నాటికి సన్యాసి పుట్టనే లేదు. పుస్తకం అచ్చుకు వెళ్ళబోయే ముందు ఆ నిజం తేలేసరికి పెద్దాయన కుంగిపోయాడు. చూడనిది చూశానన్నవాడు మిగతావి మాత్రం నిజం రాశాడని ఎలా నమ్మడం? ఇరవై ఏళ్ళ శ్రమా ఇసుకలో పోసిన నీళ్ళే. ఒక సాయంత్రం నాకెదురుగా నిలబడి, కళ్ళు కిటికీవైపు తిప్పుకుని, "యల్లా, ఇక కానీ, కొట్టు. ఇతడు లయ్యర్, అబద్ధాలకోరు" అన్నాడు. నా వేళ్ళు మిషనుమీద ఆగిపోయాయి.

ఎందుకంటే సరిగ్గా ఆ వారమే మా గదిలో పెద్ద గొడవైంది. అప్పట్లో మేము అల్ దోహా అల్ జదీదాలో ఒంటిగది కాపురం. శుక్రవారం ప్రార్థన ముగిసి, భోజనాలయ్యాక, అరబ్బుల ఇళ్ళలో కార్లు నడిపే రాయలసీమవాళ్ళు ఊరికి ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవారు. క్షేమసమాచారాలు అందరివీ ఒకటే గనుక, మొదటివాడి ఉత్తరం ఎదురుగా పెట్టుకుని రెండోవాడిదీ మూడోవాడిదీ అలాగే ఎక్కించడం వాడుక. అలా ఎక్కిస్తూ ఎక్కిస్తూ, ఎవడిదో "నా కాలి పుండు మానుతున్నది, దిగులుపడవద్దు" అన్న వాక్యం అల్ ఘర్రాఫాలో పనిచేసే కడప డ్రైవరు ఉత్తరంలోకి కూడా వెళ్ళిపోయింది. నెల తిరిగి జవాబు రాగానే అతను గదిలోకి దూసుకొచ్చి, కాలు మంచంమీద పెట్టి అరిచాడు.

"ఏం సారూ, నా కాలికి పుండు యాడుండాది, సూపీ! మాయమ్మ మూడు దినాలు కూడు ముట్టల్యాదంట. నా కాలు తీసేసినారని ఊరంతా చెప్పుకుంటాండారంట!"

ఈ కథ చెప్పి, మీ సన్యాసి అబద్ధమాడలేదండీ, ముందువాడి పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఎక్కించాడు, వాడి వాక్యంతోపాటు వాడి "నేను" కూడా వచ్చేసింది, రాలిన సున్నం వాడి తలమీదిది అన్నాను. పెద్దాయన కుర్చీలో కూలబడి, కాగితం మిషనులోంచి తనే లాగేసి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన కళ్ళు తడిశాయని కూడా అల్లుడితో అన్నాను గానీ, ఆయనకు జలుబు చేసిందేమో. అధ్యాయం మారిన మాట కూడా కాస్త సాగదీసిందే. లయ్యర్ అన్న మాట ఎగిరిపోయి, పుట అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చేరింది. అందులో నా పేరు లేదు. ఇతరులకు ఉత్తరాలు రాసిపెట్టే ఒక మిత్రుడు ఈ దారి చూపాడు అని మాత్రం ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళ డ్రైవరు కాలు బెణికితే, కారు నీడలో నిలబడి ఆ కాలే ఫోనులో వాళ్ళమ్మకు చూపిస్తున్నాడు. ఆమె అక్కణ్ణుంచే పసుపు పట్టు వెయ్యమంటున్నది. ఎవరి పుండు వాళ్ళదే, ఎవరి "నేను" వాళ్ళదే. మంచిదే. కానీ ఒకరి బతుకులోని మాట ఇంకొకరి ఉత్తరంలోకి జారిపడేటంత దగ్గరగా, ఒకే మంచంమీద పదిమంది కూర్చున్న శుక్రవారాలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇదంతా రాసి, తప్పులుంటే చూడమని మా ఆవిడకిచ్చాను. ఆవిడ చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, డ్రైవరు అరుపు దగ్గర వేలు పెట్టింది.

"వాడు ఏం సారూ అని ఎప్పుడన్నాడండీ? ఏమక్కా అన్నాడు. ఉత్తరాలు రాసింది నేను. తమరు గోడవైపు తిరిగి నిద్రపోతున్నారు."