ప్రభాకర్ అన్న కుంకుమ పెట్టిన గాజు బిళ్ళలు

నిన్న సాయంత్రం ఫోన్ తెరిస్తే మన పాత ల్యాబ్ వాట్సాప్ గ్రూప్ నిండా దండాలే.

మా ల్యాబ్ సీనియర్ ప్రభాకర్ అన్న పోయాడు.

షాకే మరి. ఎన్ని దశాబ్దాల పరిచయం!

తర్వాత మీ పోస్టులు చదివాను. "మహా సైంటిస్ట్" అట. "సత్యమే ఆయన ఊపిరి" అట.

ఛీ.

1969. ఊరంతా ఉద్యమం, బందులు. బస్సుల్లేని రోజుల్లో నన్ను నారాయణగూడ నుంచి చిక్కడపల్లిలో మా ఇంటిదాకా దిగబెట్టేవాడు. ఆ మంచితనం కాదనను. అంతవరకే.

నా పీహెచ్‌డీ లిథియం ఫాస్ఫేట్ గాజు మీద. ఫర్నేస్‌లో కరిగించి, పోసి, మెల్లగా చల్లార్చి బిళ్ళలు చేసేదాన్ని. వేడెక్కేకొద్దీ వాటిలో లిథియం అయాన్లు జోరుగా కదిలి కరెంటు ఎక్కువ పోతుంది. అది కొలవడమే నా పని.

ఆ గాజుకి తడి అస్సలు పడదు. గాలి తగిలినా తేమ పీల్చేస్తుంది. అందుకే మూత బిగించి దాచేదాన్ని.

దసరాకి ల్యాబ్‌లో ఆయుధపూజ. మా గైడ్ సార్‌ని మెప్పించాలని ఈ మహానుభావుడు నా బిళ్ళలన్నీ తీసి పళ్ళెంలో పేర్చాడు. కుంకుమ పెట్టాడు. కలశం నీళ్ళు చల్లాడు!

సెలవులయ్యాక తుడిచి కొలిస్తే రీడింగ్ అమాంతం పెరిగింది. "అమ్మవారి దయ" అన్నాడు. సార్ పొంగిపోయి పేపర్ రాయడం మొదలుపెట్టారు, అన్న పేరుతో.

నేను అవే బిళ్ళల్ని వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ కొలిచాను. రీడింగ్ పాత చోటికే దిగింది. పెరిగిందంతా నీళ్ళ మహిమే.

గ్రాఫ్ పట్టుకుని అశోక్‌నగర్‌లో ఆయన కిరాయి రూముకి పరిగెత్తాను.

"నాకెరుకనే సరళా. సార్‌కు చెప్తె నా నౌకరీ పోతది. జర సప్పుడు చెయ్యకు" అన్నాడు.

నేను ఊరుకోలేదు, సార్‌కి చెప్పాను. సార్ ఆయన్ని పిలిచి అడిగారు.

నా ఎదురుగానే అన్నాడు: "సరళకు కొలుసుడే రాదు సార్."

అంతే. నా పీహెచ్‌డీ అటకెక్కింది. ఆయన ప్రొఫెసరయ్యాడు, నేను రాంనగర్‌లో స్కూలు టీచర్నయ్యాను.

బిళ్ళలకి పూజ చేయడం ఒట్టి తెలివితక్కువతనం. దానికి నవ్వి ఊరుకునేదాన్ని. తెలిసీ నన్ను అబద్ధాలకోరుని చేశాడే, దాన్నేమనాలి? ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ "బాగున్నవా చెల్లె" అని పలకరించేవాడు, సిగ్గూ శరం లేకుండా.

సార్ ఎప్పుడో పోయారు. నేను కొలిచిందే నిజమని తెలిసిన మనిషివి నువ్వొక్కడివే మిగిలావన్నా. ఒక్కసారి, ఒక్కరితోనైనా చెప్పలేదు.

ఇక చెప్పడానికి ఎవరూ లేరు.

వెళ్ళిరా. నీకు శాంతి కలగాలి.

ఏడుపు మాత్రం రావట్లేదు.