పేరు లేని రంగు ఉడుము

మొన్నామధ్య ఖమ్మంలో మా ఇంటికి వచ్చిన అక్క కూతురు, భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోనులో ఆడుతున్న ఆట నా ముందు పెట్టి, "పిన్నీ, నాకు క్లాసిక్ గ్లింట్ దొరికింది చూడు," అంది. ఆ చిన్న తెరమీద లేత బంగారు రంగులో, నెత్తిన రెండు కొమ్ములతో ఒక ఉడుము తోక ఆడిస్తూ నిలబడి ఉంది. పిల్లకు ఏమీ తెలియదనే అనుకున్నాను. కానీ ఆ ఆటలో వందల మృగాలుండగా సరిగ్గా ఆ ఉడుమునే, అదీ ఆ రంగులోనే నాకు చూపించిందంటే, ఎవరైనా చెప్పి పంపారేమోనని ఒక్క క్షణం దాని ముఖంలోకి పరీక్షగా చూశాను. దాని తండ్రి మా బావ. ఆయనతో నేను నేరుగా మాట్లాడి ఇరవై ఏళ్లు దాటింది.

నా ఈడువాళ్లకు నెట్ సెంటర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన అరలు, అరకొక కంప్యూటరు, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డులు, కింద బంతికి మురికి చుట్టుకుని కదలనని మొరాయించే మౌసు, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఫ్యాను. భద్రాచలం బస్టాండుకు దగ్గర్లో బావ పెట్టిన అలాంటి సెంటర్లోనే, డిగ్రీ అయిన ఏడాది, నేను ఆపరేటరుగా చేరాను. సర్టిఫికెట్ల కోసం అర్జీలు, ఉద్యోగాల దరఖాస్తులు, పెళ్లి పత్రికలు తెలుగులో టైపు చెయ్యడం నా పని. ఆఫీసుల్లో పని చూసుకోవడానికి అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లతో పొద్దున పూట కూర్చోవడానికి చోటుండేది కాదు. ఎండ ముదిరాక మాత్రం వీధిలో మనిషి కనపడేవాడు కాదు. ఆ ఖాళీ వేళల్లోనే నాకు ఆ ఆట అలవాటైంది.

దాని పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది గానీ మేమంతా మృగాల ఆట అనేవాళ్లం. అడవిలో తిరుగుతూ ఎదురుపడ్డ మృగాన్ని పట్టుకుని, కొన్నే పట్టే పెట్టెలో పెట్టుకోవాలి, సాకాలి, ఇంకొకరి మృగంతో పోటీకి దింపాలి. మాకు దాన్ని ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. మా నాన్న కోస్తా నుంచి కల్లూరు వచ్చి పొలం కొనుక్కున్న మనిషి. వస్తూ వస్తూ పందెం పుంజులను వెంట తెచ్చుకున్నాడు. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఏ ఈకకు ఏ పేరో మేము అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాం. వాటికి గింజలు వేసింది, నీళ్లు పెట్టింది అక్కా నేనే కదా. నాన్నకు ఒక పట్టుదల ఉండేది. ఈకలు పూర్తిగా దిగాక కూడా ఫలానా రంగు అని పేరు పెట్టి చెప్పలేని పుంజు తేలితే, జాతి కలిసిపోయిందని దాన్ని గంప కింద ఉంచేవాడు కాదు. అమ్మేసేవాడు, లేకపోతే ఆదివారం కూరకు వచ్చేది. టేకులపల్లి వైపు మనిషైన బావకు కోళ్ల సంగతి బొత్తిగా తెలియదు. కొత్త అల్లుడిగా వచ్చిన రోజుల్లో మామ మెప్పు కోసం గంపల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఈ పాఠాలన్నీ విన్నాడు. డేగకూ నెమలికీ తేడా చెప్పడం మాత్రం ఆయనకు చివరిదాకా రాలేదు.

అలా మా సెంటర్లో ఆటలోని మృగాలకు కూడా కోళ్ల పేర్లే స్థిరపడ్డాయి. ఎర్రటి గద్ద డేగ, నల్ల తోడేలు కాకి. కాలేజీ కుర్రాళ్లూ ఆటో డ్రైవర్లూ కూడా అవే పేర్లతో పిలిచేవాళ్లు. కొమ్ముల ఉడుము ఆ ఆటలో అతి సామాన్యమైన మృగం, బూడిద కలిసిన పచ్చరంగులో అడుగడుక్కీ ఎదురయ్యేది. ఒక మధ్యాహ్నం అదే ఉడుము నాకు బంగారు రంగులో కనపడింది. సమయానికి మౌసు మొరాయించింది. ఎలాగో పట్టుకున్నాను. సీడీతో వచ్చిన పల్చని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను, అలాంటి రంగు ఉంటుందన్న మాటే అందులో లేదు. నాకూ దానికి పేరు తోచలేదు. ఆ లేత బంగారు రంగు పుంజు మా ఇంట్లో ఎన్నడూ లేదు.

అప్పుడు షాపులో ఉన్నది ఒకే ఒక్కడు, అర్జీ టైపు చేయించుకోవడానికి అడవి ఊరి నుంచి వచ్చిన పెద్దాయన. తెరకేసి చూసి, తన తాత కూడా గుట్ట మీద ఇలాగే రంగు మారిన తెల్లని ఉడుమును ఒకసారి చూశాడట, పట్టలేదట, పోనిచ్చాడట అని చెప్పి, తన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఉడుమును నాతోపాటు కళ్లారా చూసిన సాక్షి ఆయనే, ఆయన మళ్లీ రాలేదు.

నేను ఆ సంబరంలోనే, సెంటరు వెనకే ఉన్న అక్కావాళ్లింటికి అన్నానికి వెళ్లి వచ్చేసరికి బావ నా సీట్లో కూర్చుని నేను ఆపిన ఆటనే ఆడుతున్నాడు. ఉడుము లేదు. ఏమైందంటే తల కూడా తిప్పకుండా, "గదేం రంగో ఏందో మరదలా, పేరే లేకపాయె. పెట్టె నిండింది, ఇడిసిపెట్టిన. పేరు లేని రంగు ఉంచుకోవద్దని మామ చెప్పలే?" అన్నాడు.

పోయినదానికంటే తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కాల్చింది. బంగారు రంగు ఉడుమును పట్టానని నేను చెబితే ఒక్కడూ నమ్మలేదు. మానిటరు పాడైందన్నారు, ఎండదెబ్బ తగిలిందన్నారు. వారం తిరక్కుండా నా పేరు బంగారు ఉడుము మేడం అయిపోయింది. "మేడం, నా ఆటో ఎనక బంగారపు ఉడుము ఉరుకుతాంది, జల్దీ రాన్రి!" అని ఒక డ్రైవరు బస్టాండు అంతా వినపడేట్టు అరిచేవాడు. బావ గల్లా దగ్గర కూర్చుని అందరితోపాటు నవ్వేవాడు. ఉడుము ఉండేదని ఆయన ఒక్కమాట చెబితే వాళ్ల నోళ్లు మూతపడేవి. చెప్పలేదు. నేను రెండు రోజులు అన్నం మానేసినా చెప్పలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక కుర్రాడు పత్రిక ఒకటి తెచ్చాడు. ఆటకు రెండో భాగం వస్తోందని అందులో వేశారు, పక్కన రంగు మారిన మృగాల బొమ్మలు. బావ తొంగి చూసి, "ఓ, గిది అబ్రాసు గదా, మన దగ్గర ఉండె," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, నేను మాత్రం టైపు చేస్తున్నది ఆపేశాను. అబ్రాసు అంటే లేత బంగారు రంగు పుంజు, అరుదైనదీ అపురూపమైనదీను. ఆ మాట నేనే చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు విని మరిచిపోయాను. డేగ ఏదో తెలియని మనిషికి అబ్రాసు ఎలా తెలిసింది? తెలిసినవాడు పేరు లేదని ఎందుకు వదిలేస్తాడు? అంటే వదలనే లేదు, ఫ్లాపీలోకి ఎక్కించుకుని దాచుకున్నాడు. ఆ సాయంత్రం ఫ్లాపీల పెట్టె విప్పి చూస్తే నీలం ఫ్లాపీ ఒకటి తక్కువైంది. మర్నాడే ఉద్యోగం మానేసి ఖమ్మం వచ్చేశాను.

ఖమ్మంలో ఒక ప్రెస్సులో చేరాను, పెళ్లయింది, ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. ఆ ఆటకు ఎన్ని భాగాలు వస్తే అన్నీ తెప్పించాను, సరదాకు కాదు, నన్ను అబద్ధాలకోరును చేసిన ఆ రంగును వాళ్లు ఏమని పిలుస్తున్నారో చూడడానికి. రెండో భాగం పుస్తకంలో ఆల్టర్నేట్ కలర్ అని తొలిసారి పేరు పెట్టారు. ఆ పేజీ చూసిన రోజు భద్రాచలం బస్టాండులో నిలబడి చదివి వినిపించాలనిపించింది. మూడో భాగానికి వచ్చేసరికి ఆ మాట ఆనవాలు లేకుండా పోయి గ్లింట్, అంటే తళుకు, అయింది. నాలుగో భాగంలో గ్లింటు పైన రాయల్ గ్లింట్ వచ్చి కూర్చుంది. ఫోన్లలోకి వచ్చాక ఎండాకాలానికొకటి, వానాకాలానికొకటి, పండక్కొకటి గ్లింట్లు పుట్టుకొచ్చాయి. వెనకటికి ఎవరికీ దొరకనిది కాస్తా, మిగతావాటి నుంచి వేరు చెయ్యడానికి, క్లాసిక్ గ్లింట్ అయింది. క్లాసిక్ అని గౌరవంగా అంటారు గానీ ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదని దాని అర్థం. పేర్లు మారడం నాకేమీ వింత కాదు. నేను పుట్టిన జిల్లాయే రెండైంది, బావ పుట్టిన టేకులపల్లి ఇప్పుడు వేరే జిల్లా. ఆయనకూ నాకూ మధ్య సరిహద్దు మాత్రం అంతకు చాలా ముందే పడింది.

అక్కతో పోట్లాట లేదు. ఫంక్షన్లకు వెళ్లేదాన్ని, బావతో ఏదైనా చెప్పాలంటే అక్కతో చెప్పించేదాన్ని. ఈ అక్క కూతురి ఓణీల ఫంక్షన్లో ఆయన చొక్కా జేబులో నలుచదరంగా ఏదో పెట్టుకుని, నవ్వుతూ నా వరస దాకా వచ్చాడు. మళ్లీ అందరి ముందు బంగారు ఉడుము మేడం అంటాడనుకుని, నా విస్తరి నేనే ఎత్తుకుని అవతలి వరసకు వెళ్లి కూర్చున్నాను. అందరూ చూశారు, చూడాలనే వెళ్లాను.

ఫోను చూపించిన రోజున ఆ పిల్ల వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, షాపు ఖాళీ చేస్తున్నామనీ, అటక మీద నీ వస్తువొకటి ఉంది వచ్చి తీసుకోమని నాన్న చెప్పమన్నాడనీ చెప్పింది. నేను అనుమానించింది వట్టిది కాదన్నమాట. చెప్పే పంపారు. నా వస్తువు అక్కడ ఏముంటుందని రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు భద్రాచలం బస్సెక్కాను.

వరదల్లో గోదావరి రెండుసార్లు షాపులోకి వచ్చిపోయిన గుర్తులు గోడమీద రెండు చారలుగా ఉన్నాయి. బావ తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫ్లాపీ ఒకటి చేతిలో పెట్టాడు. నల్లది. చీటీ మీద ఆయన వంకర అక్షరాలు: ఆల్టర్నేట్ కలర్ ఉడుము. మరదలికి.

ఇన్నేళ్ల తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "అబ్రాసని నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మామనే," అన్నాడు బావ. "నువ్వు అలిగి తినకపోతివి. కల్లూరు పోయి రంగు గిట్లుంటదని చెప్పి అడిగిన. అబ్రాసును వదిలేశావంట్రా అల్లుడా, నీకసలు కళ్లున్నాయా అని తిట్టిండు. నువ్వు పోయినంక రెండో ఆట వచ్చింది. నీకోసం పట్టిన. మూడు నెలలు పట్టింది తెల్సా?"

"మరి ఆటోవాళ్లు నవ్వుతుంటే నువ్వూ నవ్వావేం?"

"నేనే ఇడిసిపెట్టిన అంటే నన్ను నవ్వుతరు గదా మరదలా," అన్నాడు.

వెనక నుంచి అక్క అందుకుంది. "మూడు ఫంక్షన్లకి దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడే. నువ్వు మొహం చూస్తే కదా!"

తిరుగు బస్సులో ఆ ఫ్లాపీని ఒళ్లో పెట్టుకుని, నా అలవాటు ప్రకారం ప్రతి మాటనూ అనుమానించాను. నాన్న లేడు, అడగలేను. అక్క ఆయన భార్య, ఆయన వైపే మాట్లాడుతుంది. కానీ ఆ చీటీ మీది మాటను మాత్రం అనుమానించలేకపోయాను. నా ఉడుము పోయిన నాటికి ఆల్టర్నేట్ కలర్ అన్న మాటే లేదు. అది రెండో భాగంతో పుట్టి మూడో భాగంతో పోయింది. నాది దొంగిలించి దాచినవాడైతే ఆ రోజున ఆ మాట రాయలేడు. ఇప్పుడు నన్ను నమ్మించడానికి కొత్తగా రాశాడనుకుందామంటే, కూతురి నోట రోజూ గ్లింట్ అని వినే మనిషి అదే రాసేవాడు. ఏ మాట ఏ భాగంలో పుట్టి ఏ భాగంలో పోయిందో ఇంత పట్టుగా గుర్తుపెట్టుకున్నది, నాకు తెలిసినంతలో నేనొక్కదాన్నే. ఆయన మీద సాక్ష్యంగా ఇరవై ఏళ్లు కూడబెట్టిన చదువు అది. కొత్తగూడెం దాటాక, చివరికది ఆయన పక్షానే సాక్ష్యం చెప్పింది.

ఆ ఫ్లాపీని చదివే యంత్రం ఇప్పుడు నా ఎరుకలో ఎవరి దగ్గరా లేదు. బీరువాలో నాన్న ఫొటో పక్కన పెట్టాను. ఆయన బతికుండగా ఎన్నిసార్లు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నామో, బావకు అబ్రాసు సంగతి చెప్పింది నువ్వేనా అని ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది. అడగలేదు. ఎవరు చెప్పినా నమ్మకూడదని అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాను. అక్క కూతురి ఫోనులో ఇప్పుడు నలభై గ్లింట్లున్నాయట, దొరికిన క్షణానే ఫొటో తీసి అందరికీ పంపుతుంది. దాన్ని ఎవరూ అబద్ధాలకోరు అనరు, సంతోషమే. కానీ ఒక్కదాని కోసం మూడు నెలలు తెరముందు కూర్చునేవాళ్లూ, తాత చూశాడట అని చెప్పి నమ్మి వెళ్లిపోయేవాళ్లూ ఇప్పుడు ఉన్నారో లేదో నాకు తెలియదు.

నా అనుమానాన్ని ఆ చీటీ తీర్చిన సంగతి బావకు ఇంకా చెప్పలేదు. చెప్పాలి. చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్లు పోయాయి, ఇంకా ఆలస్యం చెయ్యడం మంచిది కాదని నాకూ తెలుసు. రేపు ఫోను చేస్తాను. అయితే ఆనాడు పెట్టెలో తగ్గిన ఆ నీలం ఫ్లాపీ ఏమైందో, ముందు అది అడుగుతాను.