ఎండబిళ్ళ, తడిబట్ట

మా సైన్సు సారు పోయారని మొన్న బజారులో ఎవరో చెబితే నేను నమ్మలేదు. ఎవరన్నారు, ఎవరు చూశారు అని గుచ్చి గుచ్చి అడిగాను. అలా అడగడం ఆయన దగ్గర అబ్బిన గుణమే.

గోదావరిఖనిలో గని దీపాల గదిలో పనిచేస్తూ కాలు దెబ్బతిన్నాక నన్ను బడి ల్యాబులో అటెండరుగా వేశారు. డెబ్బైల్లో ఒక ఎండాకాలం సారు హైదరాబాదు నుంచి సిలికాన్ బిళ్ళ ఒకటి తెచ్చారు. రూపాయంత ఉండేది. ఎండలో పెడితే కరెంటు పుట్టి మీటరు ముల్లు లేచేది. ఆ ముల్లును కూడా సారు ఒక్కసారికి నమ్మేవారు కాదు; పదిసార్లు చూశాకే, "పొద్దుగాల ఎక్కువ, నడిపగటీలి ఎండల తక్కువ. మీటరు అబద్ధమాడుతలేదు. వేడికి బిళ్ళ బలం తగ్గుతది" అనేవారు.

వానాకాలం దాటాక, ఎండ బాగా కాస్తున్నా ముల్లు సగం కూడా లేవలేదు. హెడ్మాస్టరు నా వైపు వేలు చూపారు.

"అసలుది మాయం జేసి నకిలీది పెట్టిండు. వీణ్ని పంపియ్యాలె."

ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"ఒక్క వారం ఆగుండ్రి సార్. మనిషి కంటె ముందు దుమ్మును, వానను అనుమానించాలె" అన్నారు మా సారు.

వారమంతా బిళ్ళను నీడలో చల్లార్చారు, ఎండలో పెట్టారు, బొగ్గు దుమ్ము ఊది చూశారు. లాభం లేదు. చివరికి భూతద్దంతో చూస్తే, రాగి తీగ అతికిన చోట పచ్చని చిలుము. తేమ పట్టి అక్కడ కరెంటుకు అడ్డు పెరిగింది. గీకి మళ్ళీ టంకం వేయగానే ముల్లు లేచింది.

"తడిబట్టతోని తుడుస్తున్నవా?" అని నన్నడిగారు.

"లేదు సార్."

అబద్ధం. దీపాల గదిలో ప్రతి దీపాన్నీ తడిబట్టతో తుడిచి పెట్టడం మా అలవాటు. మంచిపనే అనుకుని ఈ బిళ్ళనూ రోజూ అలాగే తుడిచాను.

సారు నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, హెడ్మాస్టరు గదికి వెళ్ళారు. "వాన తేమ, సార్. మనిషి తప్పు లేదు" అనడం బయటికి వినపడింది.

మర్నాడు బిళ్ళ పక్కన పొడి కుంచె ఒకటి పెట్టి ఉంది. ఆయనకు తెలిసిపోయిందని అప్పుడర్థమైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఎదురుపడ్డప్పుడల్లా ఇవాళ అడుగుతారేమోనని బెదిరాను. ఎన్నడూ అడగలేదు. నా పిల్లలు తిన్న అన్నం ఆయన పెట్టిందే.

నిన్న వాళ్ళింటి ముందు పాడె మీద పడుకోబెట్టిన ఆయన తలాపున వంగి, చెవి దగ్గర చెప్పాను.

"తడిబట్టతోనే తుడిచిన, సార్."

వెనక వరసలోంచి ఎవరో నా భుజం తట్టారు. "జరుగు కాకా, ఇంక మంది ఉన్నరు."

అయినా ఆయన ఏమంటారోనని ఇంకాసేపు అక్కడే వంగి ఉన్నాను.