లింగంపల్లి దాటిన మాట

ఏడో తరగతిల నేను బడి వదిలేసిన. బడి కూడా నన్ను ఆపుదామని చూడలే. అయినా తొంభైల చివర్ల హైటెక్ సిటీల పెద్ద చదువులోళ్ల నోట్లె నా మాట ఒకటి తిరిగింది. తిరిగి తిరిగి నాకే అందకుండ పోయింది.

అప్పుడు ఒక కంప్యూటర్ ఆఫీసుకు వ్యాన్ నడిపేటోణ్ణి. సాయంత్రం ఆరింటికల్లా గేటు కాడ ఉండాలె. ఆలస్యమైతే గోపన్‌పల్లిల మా ఇంటి పక్క కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసి, సగం దారిల ఉండే లింగంపల్లి దాటిన అనేటోణ్ణి. ఫోనెత్తే మేడం కోస్తా మనిషి. ఒకనాడు నా ఎనక బర్రె అరిచింది. ఆమె తొణక్కుండా అడిగింది: "లింగంపల్లి దాటినా మీ గేదె మిమ్మల్ని వదల్లేదాండీ?"

మర్నాడే ఎవరో కంప్యూటర్ల వ్యాన్ బొమ్మ గీసి, కిటికీ కాడ బర్రెను కూసోబెట్టి, కింద నా మాట రాసిండ్రు. మెయిల్ల అది సీటు సీటుకు పోయింది. ప్రింటు తీసి క్యాంటీన్ గోడకు గూడ అంటించిండ్రు. నేనూ నవ్విన. బర్రె నాకంటే అందంగ కుదిరింది.

మొదట ఆ మాటకు అర్థం అబద్ధమని. నెల తిరిగేసరికి, పని అయిపోవచ్చిందని చెప్పెటందుకు వాడుడు షురూ జేసిండ్రు. ఒకాయనకు పెండ్లి కుదిరితే భుజం తట్టి అదే అన్నరు. ఇంకొకాయన ఉద్యోగం పోయి సామాను సర్దుకుంటుంటే, మెల్లగ, అదే అన్నరు. బొమ్మల బర్రెకు ఒకరు టై కట్టిండ్రు, ఇంకొకరు రెక్కలు పెట్టిండ్రు.

ఆ మార్చి ఆఖరుకు నా ఒప్పందం అయిపోతది. కొత్త బస్సులు పెడతరని పుకారు. వ్యాన్ తప్ప నాకు ఇంకో ఆధారం లేదు. పోయి మేనేజరు సారును అడిగిన, నన్ను ఉంచుతరా తీసేస్తరా అని. ఆయన కాగితాల మీంచి తలెత్తకుండనే నవ్విండు. "మీదా? లింగంపల్లి దాటిందండీ." అంతల ఫోనొచ్చింది, నన్ను పొమ్మని చెయ్యి ఊపిండు.

నా మాటే, నాకే సమజ్ గాలే. ఫోన్ మేడంను అడిగితే పని అయిపోయినట్టేనండీ, స్వీట్లు తెండి అన్నది. గేటు కాడి సెక్యూరిటీ తాతను అడిగితే, పోయినట్టే బిడ్డా అని నా చెయ్యి పట్టుకున్నడు. మూడో మనిషిని అడగబుద్ధి కాలే.

మర్నాడు సాయంత్రం అందరు వ్యాన్ ఎక్కుతుంటే సారు వరండాల కనబడ్డడు. ఈసారి అవునో కాదో చెప్పేటట్టు అడిగిన.

"సార్, ఒకటో తారీఖు బండి తేవాల్నా, వద్దా?"

ఆయన పగలబడి నవ్విండు. వ్యాన్ల ఉన్నోళ్లు గూడ నవ్విండ్రు. నోరు తెరిస్తేనే జోకనుకునే మనిషి నిజంగ అడిగితే ఎవరు నమ్ముతరు? తెల్లారి క్యాంటీన్ గోడ మీద కొత్త కాగితం: తల గోక్కుంటున్న మనిషి, కింద నా ప్రశ్న. వారంల, చాయ్ కావాల్నా అనేటందుకు గూడ బండి తేవాల్నా అనవట్టిండ్రు.

ఒకటో తారీఖు పది నిమిషాలు ముందుగాలనే బండి తీస్కపోయి గేటు కాడ పెట్టిన. ఒక్కొక్కరే వచ్చి ఎక్కిండ్రు. ఇది నన్ను ఉంచుకున్నట్టో కాదో తెల్వక, అద్దంల వాళ్ల మొఖాలు చూసుకుంట బండి తీసిన.