యాదమ్మ సోడియం

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఇది మాత్రం రాయలేదు. మీకు చెబుతున్నాను.

లాల్‌దర్వాజాలో మా గల్లీవాళ్లకు రక్త పరీక్ష కాగితాలు చదివిపెట్టేవాణ్ని. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను; వైద్యం చదవలేదు. ప్రతి అంకె పక్కనా ఉండాల్సిన హద్దులు అచ్చేసి ఉంటాయి కదా, పోల్చి చెప్పేవాణ్ని. పోల్చడం వేరు, తెలియడం వేరు అని ఎప్పుడైనా అనుకున్నానా? లేదు. ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి "సారూ" అని పిలవడం నాకు బాగుండేది.

పక్కింటి యాదమ్మ బీపీ మాత్రలు వేసుకునేది. కళ్లు తిరుగుతున్నాయని పరీక్ష చేయించుకుని, కాగితం నా దగ్గరికే తెచ్చింది. సోడియం హద్దు కన్నా బాగా కింద ఉంది. సోడియం అంటే ఉప్పు, బీపీకి ఉప్పు చేటు, కాబట్టి తక్కువుంటే మేలే అని నాకు నేనే తేల్చుకున్నాను.

"మంచిగనే ఉంది యాదమ్మా. ఉప్పు మొత్తం బంద్ పెట్టు."

"గట్లనే సారూ. మా కోడలు చేసే కూరల ఉప్పున్నా లేకున్నా ఒకటే" అని నవ్వింది.

కొన్నాళ్లకే మనుషులను గుర్తుపట్టలేక కింద పడిపోయింది. ఆసుపత్రికి నేనూ వెళ్లాను. సోడియం అంతగా పడిపోతే మెదడు దెబ్బతింటుందని డాక్టరు చెప్పాడు. ఆమె కొడుకు నర్సింగ్ అక్కడే భార్య సుజాత మీద విరుచుకుపడ్డాడు.

"మా అమ్మకు ఉప్పులేని కూడు పెట్టినవా? ఎవరు చెప్పిండ్రే నీకు?"

"అత్తమ్మనే వద్దన్నది" అంది సుజాత.

మంచం మీద నుంచి యాదమ్మ గొణిగింది. "సారు చెప్పిండు."

నర్సింగ్ నా వైపు తిరిగాడు. "ఏంది సారూ, గిట్లంటది?"

"మతి తప్పి మాట్లాడుతున్నది బిడ్డా. డాక్టర్‌కు చూపించుకోమన్న నేను."

అతను నమ్మాడు. సుజాత తల వంచుకుంది.

యాదమ్మ కోలుకుంది. ఆ రోజులేవీ ఆమెకు గుర్తులేవు. అప్పుడు నా గుండె కుదుటపడింది ఆమె బతికినందుకా, మరచిపోయినందుకా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నాకు నచ్చని జవాబే వస్తుంది. చూపు ఆనడం లేదని చెప్పి కాగితాలు చదవడం మానేశాను. అదీ అబద్ధమే. సుజాత మీద నింద మాత్రం పోలేదు. ఇప్పటికీ వాళ్లింట్లో లొల్లి అయితే నర్సింగ్ ఆ ఉప్పు మాటే ఎత్తుతాడు. గోడకు ఇవతల కూర్చుని వింటాను. లేచి వెళ్లను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, అంతే. యాదమ్మ ఆ రోజు మతి తప్పి మాట్లాడలేదు. ఆ గదిలో నిజం చెప్పినవాళ్లు ఆ అత్తాకోడళ్లే. ఉప్పు మానేయమన్నది నేను.