టేపు పాడైందమ్మా

ఇక్కడ చచ్చిపోతున్న తెలుగుని ఆ ప్రొఫెసర్ గారే బతికించారని డర్బన్‌లో ప్రతి సభలోనూ చెబుతారు. నేనొప్పుకోను. ఆయన బతికించింది టేపుల్ని.

వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్లలో ఇద్దరం ఆంధ్రా నుంచి ఒకే యూనివర్సిటీకి వచ్చాం. ఆయనది భాషాశాస్త్రం, నాది వృక్షశాస్త్రం. ఎక్కడున్నా చూపుడువేలు పైకెత్తేవాడు. లోకమంతా నోరు మూసుకోవాలని దానర్థం.

డర్బన్ పక్కనున్న వెరులంలో ఒక ముసలావిడ కొడుకు పోయాడు. ఆవిడ, చెరుకుతోటల్లో కూలికొచ్చిన తాతల నాటి తెలుగులో శోకాలు పెడుతోందని వినగానే, పదోరోజు కర్మ కూడా కాకముందే, రికార్డరు పట్టుకుని నా కారెక్కాడు. ఆవిడ కొడుకుని పేరుపెట్టి పిలుస్తూ, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. మధ్యలో వీధిలో టాక్సీ హారన్ మోగింది. ఆయన వేలు లేచింది.

"టేపు పాడైందమ్మా. మళ్లీ మొదటినుంచి కానియ్యి."

"సిగ్గులేదా సార్?" అన్నాను.

"ఆకు తుంచేటప్పుడు మీరు సిగ్గుపడతారా మేడమ్?"

ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆల్‌రైట్ నాయనా, మల్లా ఏడుస్తా," అంది. ఒక్క మాట పొల్లుపోకుండా ఏడ్చింది. ఆయన తలాడిస్తూ రికార్డరు ముల్లు చూసుకున్నాడు.

ఆ రికార్డింగుకే తర్వాత శాలువా కప్పారు. నాకు మాత్రం ఒకటే తెలియాలి. ఆ రెండోసారి ఆవిడ ఎవరికోసం ఏడ్చింది?