చెంచా మీద నామం

నేను చదివింది అయిదో తరగతే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఉత్తరాలు తప్ప ఇంతకుముందు ఏమీ రాయలేదు. రాత బాగా లేకపోతే ఏమీ అనుకోకండి. విషయం మాత్రం నా కళ్ళతో చూసిందే.

డెబ్భై ఎనిమిదిలో జగ్గయ్యపేటలో పాత ఇత్తడి, రాగి సామాన్లు కొనే కొట్టులో పనిచేసేవాణ్ణి. వచ్చిన సామాను ఏ రకమో చూసి వేరు చెయ్యడం నా పని. అప్పుడప్పుడు తెల్లదొరల కాలం నాటి చెంచాలు, ఫోర్కులు వచ్చేవి. వెండిలా మెరుస్తాయి కానీ వెండి కాదు, జర్మన్ సిల్వర్ అనే కలగలుపు లోహం. కాడ మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలుంటే రైల్వేవి. వెనక సన్నగా ఉండేవి తయారుచేసిన కంపెనీ అక్షరాలు. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు తెలుసు, అక్షరాల్ని బొమ్మల్లాగా గుర్తుపెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే నందిగామ నుంచి ఒక పెద్దావిడ వచ్చి, గుడ్డ సంచిలోంచి ఆరు చెంచాలు తీసింది.

"అమ్మటానికి కాదు నాయనా. ఇవి ఎక్కడివో చెబుతావని వచ్చా. మా ఆయన మిలట్రీలో వంట చేసేవాడు, అక్కణ్ణించి తెచ్చానన్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. మొన్న మా వియ్యపురాలు చెంచా తిరగేసి, 'ఇదేంటి వదినా, నామం ఉంది? గుడి సొమ్ము ఇంట్లో పెట్టుకున్నారా?' అని నలుగుర్లో అనేసింది. అప్పట్నించీ అన్నం సయించట్లా."

చూశాను. కాడ వెనక మూడు గీతలు, కింద కలిసి ఉన్నాయి. అచ్చం నామమే. కళ్ళకద్దుకుని, "నామమేనమ్మా" అన్నాను.

ఆవిడ బల్ల మీద కూలబడింది.

గద్దె మీంచి షావుకారు గారు, "గుళ్ళో చెంచాలెందుకురా? స్వామివారు ఉప్మా తింటారా? సరిగ్గా తోమి చూడు" అన్నారు.

చింతపండు పెట్టి తోమాను. నామం పక్కనే నాలుగు అంకెలు తేలాయి, తలకిందులుగా. చెంచా తిప్పితే 1943 అని ఉంది. అప్పుడు చూస్తే మూడు గీతలూ పైన కలిశాయి. నామం కాదు, బాణం. లోపల్నుంచి పాత మిలట్రీ నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాను. దాని మీదా అదే బాణం, తెల్లదొరల మిలట్రీ సామాన్ల గుర్తు.

"మీ ఆయన మిలట్రీకి ఎప్పుడెళ్ళాడమ్మా?"

"ఏళ్ళూ గీళ్ళూ నాకేం తెలుసు? మా పెద్దది కడుపులో ఉండగా వెళ్ళాడు. దానికిప్పుడు ముప్పై నాలుగు."

లెక్క వేస్తే నలభై మూడు, నలభై నాలుగు ప్రాంతం, చెంచా మీది అంకెలతో సరిగ్గా సరిపోయింది.

"అయితే మిలట్రీవాళ్ళవి ఎత్తుకొచ్చాడన్నమాట!" అన్నారు షావుకారు గారు.

"అది ఆయనకీ ఆ తెల్లోళ్ళకీ మధ్యన లెండి. దేవుడిది కాదుగా!" అని ఆవిడ లేచింది. "వియ్యపురాలిది ఈ ఊరే. ఆ సీసా ఒక్క పూట ఇవ్వండి, పక్కపక్కన పెట్టి చూపిస్తా."

సాయంత్రం బస్సుకి వెళ్తూ సీసా తిరిగిచ్చింది.

"ఏమందమ్మా?"

"ఏమంటది? అటు తిప్పింది, ఇటు తిప్పింది. కాఫీ ఇచ్చింది. పంచదార ఆ చెంచాతోనే కలిపింది."

తిప్పి చూడకుండా నామమని చెప్పినందుకు నాకే సిగ్గేసింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ఈ రాతలో తప్పులు దొర్లితే మీరూ అలాగే పెద్ద మనసుతో సర్దుకుని చదవండి.